పేరు మనది, కాగితం ఎవరి దగ్గర?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో అయితే 'ప్లాటు కొని చూడు' అని కూడా కలిపేవారేమో!

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇల్లు కొనడమంటే ఎన్నో ఏళ్ల కష్టం. గల్ఫ్‌కు పోయిన భర్త పంపే డబ్బు, బొగ్గుబావిలో చేసి రిటైరైతే వచ్చిన సొమ్ము, ఎత్తుకున్న చిట్టీ, చివరికి ఒంటి మీది బంగారం... ఇవన్నీ కలిస్తేనే ఒక ప్లాటు. చాలామంది దాన్ని ఇల్లాలి పేరుమీదే రిజిస్ట్రేషన్ చేయిస్తున్నారు. సంతోషమే. కానీ "కాగితాలెక్కడ?" అని అడిగి చూడండి. "మధ్యవర్తి దగ్గరున్నయి", "మా బావగారి దగ్గరున్నయి", "అమ్మినాయన ఇస్తనన్నడు" అంటారు. రేపు బిడ్డ చదువుకు బ్యాంకు అప్పు కావాలన్నా, ఇంటాయనకు జరగరానిది జరిగినా, ఆ కాగితం కోసం ఎవరి గడప తొక్కాలి?

అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని మనం వెనకాడతాం. అది మర్యాదకు సంబంధించిన సంగతి కాదు, హక్కు. ధర పూర్తిగా ముట్టాక తన దగ్గరున్న హక్కు పత్రాలన్నీ అమ్మినవాడు కొన్నవారికి అప్పగించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. అదే పత్రాల్లోని భూమి కొంత ఆయనకే మిగిలి ఉంటే అసలు పత్రాలు ఆయన ఉంచుకోవచ్చు. అప్పుడు కూడా మనం అడిగినప్పుడు చూపించాలి, ఖర్చులు మనం పెట్టుకుంటే నకళ్లు ఇవ్వాలి.

అందుకే బయానా ఇచ్చేనాడే అగ్రిమెంటు రెండు ప్రతులు రాయించండి. రెండింటిమీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒక ప్రతి మీ చేతికి రావాలి. రెరా వర్తించే వెంచర్లలో, అపార్ట్‌మెంట్లలో అయితే రక్షణ మరింత గట్టిది. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఆ 2016 చట్టం చెబుతోంది.

అయితే అగ్రిమెంటు ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోకూడదు. అది కొంటామన్న ఒప్పందమే గానీ ఆస్తి కాదు. 100 రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. వట్టి జీపీఏ రాసిస్తే ఆస్తి అమ్మినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. తెల్లకాగితం మీద సాదా బైనామాతో పొలాలు కొన్న రైతులు 2020లో క్రమబద్ధీకరణ కోసం లక్షల్లో అర్జీలు పెట్టుకున్నది మనం చూశాం. ఇక ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో అయితే గిరిజనేతరుల పేరిట అమ్మకమే చెల్లదు. గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం అది. అక్కడ ఎన్ని సంతకాలున్నా లాభం లేదు.

రిజిస్ట్రేషన్ నాడు ఒక చిన్న జాగ్రత్త. దస్తావేజు దాఖలు చేసినవారికి ఆఫీసులో రసీదు ఇస్తారు. ఆ తర్వాత దస్తావేజును తిరిగి ఇచ్చేది వాళ్లకే, లేదా వాళ్లు ఆ రసీదు మీద పేరు రాసిచ్చిన మనిషికే. కాబట్టి దాఖలు చేసేది మీరే అయ్యేలా చూసుకోండి. "రసీదు నాకియ్యండమ్మా, నేను తెచ్చిస్త" అని మధ్యవర్తి చెయ్యి చాస్తే నవ్వుతూనే "వద్దు లెండి, మేమే తెచ్చుకుంటం" అనండి. ఒకవేళ దస్తావేజు పోయినా, ఎవరైనా ఇవ్వకుండా తిప్పుతున్నా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు.

చెల్లెళ్లారా, బీరువాలో ఏ పట్టుచీర కింద ఏ చీర ఉందో మనకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఇంటి దస్తావేజు అందులో ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే ఎవరి దగ్గరుందో కనుక్కుని, రేపు పొద్దున్నే అడగండి.