తవుడు గేదెకు, ఓట్స్ ప్యాకెట్ పిల్లోడికా?

మొన్న కిరాణా కొట్లో మన రైతన్న ఒకాయన ఓట్స్ ప్యాకెట్ కొంటున్నాడు. "పిల్లోడికి ఊరికూరికే జలుబు చేస్తోంది, ఇమ్యూనిటీకి మంచిదంట" అన్నాడు. ఆయన సజ్జ చేను కోసి పది రోజులు కాలేదు. గింజ మొత్తం కళ్లంలోనే అమ్మేశాడు! కోపం ఆయన ఒక్కడి మీదే కాదు, మనందరి మీదా. నేనూ అదే పని చేసినోణ్ణే.

ఓట్స్ చెడ్డవని అనట్లేదు. కానీ వాటి గొప్పతనం ఏంటి? గింజను పై పొరతో సహా తినడం. ఇనుము, జింకు, బి విటమిన్లు, పీచు ఎక్కువగా ఉండేది ఆ పొరలో, మొలకలో. మనమేమో వడ్లు మరకేసి, తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టించి, ఆ తవుడు గేదెకు పెడుతున్నాం. గేదె నిగనిగలాడుతోంది, పిల్లోడు దగ్గుతున్నాడు.

జింకు అంటే ఏదో కంపెనీ మాట అనుకోకండి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రిలో ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు జింకు బిళ్లలు ఇస్తారు, గుర్తుందా? రోగంతో కొట్లాడే తెల్ల రక్తకణాలు సరిగ్గా తయారవ్వాలంటే అది కావాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో చూడండి. 100 గ్రాముల సజ్జల్లో జింకు 2.7 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 1.2. ఇనుమైతే సజ్జల్లో 6 పైనే, బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. ఇక పీచు సంగతి. పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులకు అదే మేత. మన రోగనిరోధక కణాల్లో చాలా భాగం ఉండేది ఆ పేగుల చుట్టూనే.

సజ్జరొట్టె తింటే జ్వరమే రాదని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్లను నమ్మొద్దు. టీకాలు టీకాలే, డాక్టరు డాక్టరే.

కొర్రల్లోనూ మోసముంది. పొట్టు తీయాల్సిందే, కానీ లోపలి తవుడు పొర కూడా గీకేసి అమ్ముతున్నారు. ఎందుకంటే తవుడులో నూనె ఉంటుంది, నిల్వ ఉంటే కనరు వాసన వస్తుంది. వ్యాపారికి నిల్వ కావాలి. మనకెందుకు? గింజ మన గాదెలో ఉంటే పదిహేను రోజులకు సరిపడా మరాడించుకోవచ్చు. పిండి జల్లించి పొట్టు పారబోయడం కూడా ఆపండి. రాగులు నానబెట్టి మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఇనుము, జింకు ఒంటికి ఇంకా బాగా పడతాయి. మన అవ్వలు చేసింది అదే కదా!

ఈసారి కళ్లంలో తూకం వేసేముందు ఇంటికి రెండు బస్తాలు పక్కన పెట్టండి. ఎంతమంది పెట్టారో కింద రాయండి, చూస్తా.