తాళం వేసిన ఇల్లు ఎవరి కోసం?

మన ఐటీ జనాలకి లాంగ్ వీకెండ్ వస్తే చాలు, కూర్గ్‌లోనో వికారాబాద్‌లోనో ఒక విల్లా బుక్ చేసేస్తాం. ఫోటోల్లో ఏముంటుందండీ.. పెంకుటిల్లు, వాకిట్లో చెట్టు, అరుగు మీద రెండు కుర్చీలు. అచ్చం అలాంటి ఇళ్లే మా తొర్రూరు చుట్టుపక్కల తాళాలేసి పడున్నాయి. ఆ ఇళ్ల వారసులే హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని విల్లాలు వెతుకుతున్నారు :)

తెలియనివాళ్ల కోసం: తొర్రూరు వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద, పల్లెల నుంచి పత్తి, వడ్లు అమ్మకానికి వచ్చే ఊరు. 2016లో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర దగ్గర్లోనే ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు ఇవన్నీ గబగబా చూసేసి, రాత్రికి హన్మకొండ లాడ్జికి పరుగెడతారు.

నేననేది ఏంటంటే, ఆ పాత ఇళ్లని బాగుచేసి రెండు మూడు రోజులకి కుటుంబాలకి అద్దెకివ్వచ్చు కదా? మనిషి మసలని పెంకుటిల్లు ఎంతో కాలం నిలవదు. వానలకి ముందు పెంకులు సర్దించేవాళ్లు లేకపోతే ఒక మూల కారుతుంది, దూలానికి చెదలు పడుతుంది, గోడ ఉబ్బుతుంది. ఆ తర్వాత ఎవరో వచ్చి "గజం ఎంత?" అని అడుగుతారు. అంతే, కథ కంచికి.

ఫ్యామిలీ కోసం అంటే గోడకి కార్టూన్ బొమ్మలు అంటించడం కాదు. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మకి కమోడ్, పక్కన పట్టుకోవడానికి కడ్డీ. బావికి ఇనుప జాలీ. ఎత్తు గడపల దగ్గర లైటు. పసిపిల్లకి పాలు కాచుకోవడానికి పొయ్యి. కరెంటు పోతే ఇన్వర్టర్. ఏసీ సంగతి తర్వాత.

మరి చూసుకునేదెవరు? అమెరికా నుంచి ఫోన్లో నడిపే పని కాదిది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో కూడా యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలనే షరతు పెట్టారు. అంటే తాళం వేసిన ఇల్లు ఆ లెక్కలోకి రాదు. పక్కింటి వదినకి తాళంచెవి ఇచ్చి "కాస్త చూస్తుండు" అంటే సరిపోదు. ఆమె ఊడ్చి, వండి పెడితే ఆదాయంలో వాటా ఇవ్వాలి. మొహమాటానికి చేయించుకుంటే వెట్టి అంటారు దాన్ని.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇల్లు అద్దెకడిగితే మనవాళ్ల మొదటి ప్రశ్న "మీరేమోళ్లు?" బుకింగ్ పేజీలో ఆ ప్రశ్న ఉండదు నిజమే. కానీ ఇంటిపేరు చూసి "ఆ రోజుల్లో ఖాళీ లేదండీ" అనడం ఎవరికి చేతకాదు? ఆ బుద్ధి మారకపోతే ఈ పనిలోకి దిగకపోవడమే నయం. బసవ పురాణంలో అన్ని కులాల భక్తుల్నీ నెత్తిన పెట్టుకున్నాడు సోమనాథుడు. ఆయన ఊరు చూడ్డానికొచ్చిన వాళ్లని కులం అడిగి గడప దాటనివ్వడం కంటే ఎగతాళి ఉంటుందా!

పెద్ద లాభాలొస్తాయని నేను అనట్లేదు. జనం వచ్చేది దసరాకి, సంక్రాంతికి, పాలకుర్తి శివరాత్రి జాతరకి. పండగలకి మనకే ఆ ఇల్లు కావాలి! మిగతా రోజుల్లో వచ్చే డబ్బు పెంకులకీ, ఆ వదిన కష్టానికీ సరిపోతే నా దృష్టిలో గిట్టుబాటు అయినట్టే. ఇల్లు నిలబడుతుంది, పండక్కి మన పిల్లలు దిగడానికి ఒక వాకిలి ఉంటుంది.

అమ్మేసే ముందు అన్నదమ్ములు ఒక్కసారి కూర్చుని ఈ లెక్క వేసుకుంటే పోయేదేముంది?

ఏమంటారు?