పండక్కి ఎవరింట్లో తిన్నావ్?

డిసెంబర్ 25కి మన పేటల్లో ఇంటింటికీ నక్షత్రం వెలుగుతుంది. జనవరి నడిమికి ఊళ్ళో భోగిమంటలు, ముగ్గులు, గంగిరెద్దులు. హైదరాబాదు, బెంగుళూరు వలసబోయిన పిల్లలు బస్సుల్లో నిలబడైనా ఇళ్ళకొస్తారు. అందరి నోటా ఒకటే మాట: "అందరం కలిసే రోజులు." బాగానే ఉంది. మేం అడిగేది ఒక్కటే. కలవడమంటే ఏంటి?

సంక్రాంతికి ఊళ్ళోంచి అరిసెలొస్తాయి. ఎట్లా వస్తాయి? పెరటి గుమ్మం దగ్గర నిలబడితే కొంగులో పడతాయి. క్రిస్మస్‌కి మనం పంపిన పిండివంటలు వాళ్ళూ తీసుకుంటారు. నోట్లో పెట్టుకున్నారో, గొడ్ల కుడితిలో కలిపారో ఎవర్నడగాలి? కనుమ నాడు ఎద్దుకి కొమ్ములు కడిగి రంగులేస్తారు, మెడలో గంటలు కట్టి దండం పెడతారు. ఆ ఎద్దుని ఏడాదంతా మేపిన పాలేరుకి గొడ్ల చావిట్లోనే ఆకేస్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ ఒక్క నాడైనా ఊరి మనసు కదలదేం?

అన్ని ఊళ్ళూ ఒకటే అనం. కొన్నిచోట్ల చదువుకున్న కుర్రాళ్ళు మన ఇళ్ళకొచ్చి తింటున్నారు. వాళ్ళకి దండం. కానీ గుమ్మం బయట పెట్టేది దానం. పక్కన కూచుని తినేది చుట్టరికం. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచీ చెప్తూనే ఉంది. చట్టం మనల్ని గుమ్మం దాకా తీసుకురాగలదు. పీట వెయ్యాల్సింది మనిషే.

డిసెంబర్ 25 మనకి ఇంకో రకంగా కూడా పండగే. 1927లో ఆ రోజునే మహాద్‌లో బాబాసాహెబ్, ఆయన సహచరులు మనుస్మృతిని తగలబెట్టారు. అదే ఏడు మార్చి 20న, అదే ఊళ్ళో, చవదార్ చెరువు నీళ్ళు తాగారు. మేమూ మనుషులమేనని చెప్పడానికి తాగిన నీళ్ళవి. 1936లో 'కుల నిర్మూలన'లో ఆయన ఇంకా ముందుకెళ్ళారు. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదు, పెళ్ళిళ్ళు కలవాలన్నారు. నిజమే. అయితే కంచం పొత్తే లేనిచోట మంచం పొత్తు ఎక్కణ్ణించొస్తుంది?

ఊరిని నిలదీసే ముందు మన మొహం మనం అద్దంలో చూసుకోవాలి. మాలపేటలో ఎంతమంది మాదిగింట్లో తిన్నారు? మాదిగపేటలో ఎంతమంది డక్కలోళ్ళింట్లో మంచినీళ్ళు తాగారు? ఒకే ఏసుకి దండం పెడుతూ ఎన్ని ఊళ్ళల్లో రెండు పేటలకి రెండు చర్చిలున్నాయి? ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద ఎవరి వాదన వాళ్ళది. వాదించుకుందాం. కానీ వాదన పేరు చెప్పి ఒకరి గడప ఒకరు తొక్కకపోతే లాభం ఎవరికి?

దీనికి దారి చూపినవాళ్ళున్నారు. ఇప్పటి కేరళలో ఉన్న చెరాయిలో 1917 మే 29న సహోదరన్ అయ్యప్పన్ తన ఈళవ కులస్తుల్ని పులయల పక్కన కూచోబెట్టి అన్నం తినిపించాడు. ఈళవలూ అంటరానితనం చవిచూసినోళ్ళే. అయినా సొంత కులపోళ్ళే ఆయన్ని 'పులయన్ అయ్యప్పన్' అని వెక్కిరించారు. ఆయన ఆ పేరుని బిరుదులాగే తీసుకున్నాడు. తనకన్నా కిందన్నవాడి పక్కన ముందు తను కూచున్నాడు. అదీ ధైర్యమంటే.

ఈ పండక్కి మేం చెప్పేదిదీ. పెరటి గుమ్మం దగ్గర ఏదీ పుచ్చుకోకండి. ఇచ్చేవాళ్ళని మనింటికి రమ్మనండి, పీటేసి పెట్టండి. పక్కపేటలో ఒక్క ఇంటికైనా పొండి, వాళ్ళు వండిందే తినండి. పిల్లలు రాలేకపోయిన ముసలమ్మ మన వీధిలోనే ఉంటుంది. ఆమె చేతిలో కేకు ముక్క పెట్టి వచ్చెయ్యకండి. ఒక పూట అరుగు మీద కూచుని ఆమె చెప్పేది వినండి. కార్యకర్తలకి ఒక మాట: దీనికి బ్యానరు కట్టొద్దు, ఫొటో తియ్యొద్దు. మన వాడల్లో తిని, ఫొటో దిగి పోయిన నాయకుల్ని చాలామందిని చూశాం. మళ్ళీ ఆ గడప తొక్కినోడు ఎంతమంది?

సెలవులయ్యాక బస్సెక్కే పిల్లల్ని పట్టుకుని అడగండి: "ఒరే, ఈ పండక్కి ఎవరింట్లో తిన్నావ్? మనింట్లో ఎవరు తిన్నారు?"

మన పండగ ఎట్లా జరిగిందో ఆ జవాబే చెప్తుంది.

జై భీమ్!