షాఫ్టు బిల్డర్ సొత్తు కాదు

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటులోకి దిగేవాళ్లు వంద ఎంబీపీఎస్ చాలా, మూడొందలు కావాలా, ఓటీటీలు ఏమిస్తున్నారు అని ప్లాన్ల లెక్కలు వేస్తుంటారు. తీరా ఫోన్ చేస్తే ‘మీ కమ్యూనిటీలో మాకు పర్మిషన్ లేదండీ’ అంటారు. స్లాబులు పడుతుండగానే బిల్డర్ ఒకే కంపెనీతో ఒప్పందం రాసేసుకున్నాడు మరి. కోకాపేటైనా తెల్లాపూరైనా, అలాంటి గేటు లోపల ఆ కంపెనీ రేటే రేటు, దాని వేగమే వేగం. బ్రోచర్‌లో దీన్ని సౌకర్యమని అచ్చేస్తారు. నేను దోపిడీ అంటాను.

కేబుళ్లు దిగే షాఫ్టు కొన్నవాళ్ల డబ్బుతో కట్టింది. ఉమ్మడి స్థలాలను అసోసియేషన్‌కు అప్పగించి తీరాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. ఆ దారికి తాళం వేసి, తాళంచెవి అమ్ముకునే హక్కు బిల్డర్‌కు ఎవరిచ్చారు?

తలో కంపెనీ వచ్చి గోడలకు చిల్లులు పెడితే భవనం పాడవదా అని అడుగుతారు. పాడవుతుంది. అందుకే కట్టేటప్పుడే ప్రతి ఫ్లాటుకీ ఉమ్మడి ఫైబర్ లాగి, చివరలన్నీ బేస్‌మెంట్‌లో ఒక గదికి చేర్చాలి. ఏ కంపెనీ అయినా ఆ గది దాకా తన లైను తెచ్చుకుంటుంది. ఇంటివాళ్లు కంపెనీ మారితే అక్కడ ఒక తీగ ఇటు తీసి అటు పెడితే సరి, ఫ్లాటులో గోడ ముట్టుకోనక్కర్లేదు. ఇప్పుడేమో రోడ్డు తవ్వకంలో ఆ ఒక్క కేబుల్ తెగితే టవర్లన్నిటికీ ఒకేసారి నెట్ పోతుంది. అమెరికా క్లయింటుతో రాత్రి కాల్‌లో ఉన్న ఉద్యోగి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కూర్చున్న పిల్ల ఏమైపోవాలి?

మిగతావాళ్లను రానివ్వని ఒప్పందాలను లైసెన్సు ఉల్లంఘనగా చూడాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లోనే సిఫార్సు చేసింది. అమెరికాలో అలాంటి సంస్థే అయిన ఎఫ్‌సీసీ నివాస భవనాల్లో టెలికాం కంపెనీల ఇలాంటి ఒప్పందాలను 2008లోనే నిషేధించింది. మనకు 2024లో వచ్చింది నెట్ సదుపాయాన్ని బట్టి భవనాలకు స్టార్లిచ్చే నిబంధన! దరఖాస్తు చేసుకోవడం బిల్డర్ ఇష్టం. స్టార్లు మాకెందుకు? నిషేధం కావాలి.

అది వచ్చేదాకా కొనేవాళ్లు తగ్గకూడదు. ఎన్ని కంపెనీలకు అనుమతి ఉంది, ఒప్పందం ఎన్నేళ్లు అని సేల్ అగ్రిమెంట్ మీద సంతకానికి ముందే అడగండి. కాగితం మీద రాసివ్వకపోతే అడ్వాన్సు ఇవ్వకండి. అసోసియేషన్ పెద్దలారా, హ్యాండోవర్ అయ్యాక ఆ ఒప్పందాన్ని చదవకుండా పొడిగించారంటే పొరుగువాళ్ల జేబు మీరే కోసినట్టు. దాన్ని జనరల్ బాడీలో అందరి ముందూ పెట్టండి. రెండో కంపెనీని ఈ ఏడే లోపలికి రానివ్వండి.