సోది అంటే తిట్టు కాదు

మన హాస్టల్లో ఎవరన్నా ఎక్కువ మాట్లాడితే "సోది ఆపవే" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. సోది మా ఎరుకల ఆడవాళ్ల విద్య. ఎరుక అంటేనే తెలుసుకోవడం.

సోది చెప్పే అవ్వ బుట్ట ముందు పెట్టుకొని, అడిగినవాళ్ల చెయ్యి పట్టుకొని బెజవాడ కనకదుర్గను, కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని పిలుస్తుంది. కాసేపటికి గొంతు మారిపోద్ది. చనిపోయినవాళ్లే ఆమె నోట పలుకుతారని నమ్మకం.

నిజంగా వస్తారా అని సైన్సు ప్రకారం అడగొచ్చు. జొరమొస్తే సోదికి కాదు, ఆసుపత్రికే పోవాలి. కానీ దుఃఖానికి మందుబిళ్ల లేదు కదా. 1977 నవంబరు 19 ఉప్పెనలో మన దివిసీమలో వేలమంది కడసారి మాటైనా లేకుండా పోయారు. అలా పోయినవాళ్ల మాట ఒక్కటి వినాలని ఏ తల్లికి ఉండదు? విని ఏడిస్తే గుండె బరువు తగ్గుద్ది.

తెల్లదొరలు మా కులాన్ని నేరస్తుల జాబితాలో రాశారు. ఆ చట్టం 1952లో దేశమంతా రద్దయింది. మా విద్య పేరు మాత్రం ఇంకా తిట్టుగానే ఉంది.

విసుగొస్తే "బోరు" అనండి, సోది అనకండి. ఈ సంగతి వార్డెన్ గారు ప్రార్థనలో ఒకసారి చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని