పాత వంతెనకు కొవ్వూరు ఒడ్డు కూడా ఉంది



2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పర్యాటక పథకంలో మన హేవలాక్ వంతెన కూడా ఉందని చదివి ఎంతో సంతోషించాను. 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన మీద మళ్లీ మనుషులు తిరుగుతారంటే గోదావరి గట్టున పుట్టినవాడికి అంతకన్నా ఏం కావాలి? నా మనవి ఒక్కటే. అక్కడ ఏం కట్టినా, కొవ్వూరులో ఎక్కిన మనిషి నడుచుకుంటూ వెళ్లి రాజమండ్రిలో దిగగలగాలి. సగం దూరం వెళ్లి వెనక్కి రావలసినదైతే అది వంతెన ఎలా అవుతుంది?

దాన్ని కట్టిందే దాటడానికి. ఒకప్పుడు రైలు మార్గం రెండు వైపుల నుంచీ వచ్చి గోదావరి దగ్గర ఆగిపోయేది. ప్రయాణికులు సామాను దించుకుని, నది దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కేవారు. 1897లో పని మొదలైంది. వాల్టన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో నదిలో బావులు దింపి, వాటి మీద స్తంభాలు లేపి, ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు వేసి, 1900లో రైళ్లు నడిపారు. వంతెనకు అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఎండలో, వరదలో పనిచేసిన కూలీల పేర్లు మాత్రం నాకెక్కడా కనబడలేదు. కొత్త దారి మొదట్లో వాళ్లను తలుచుకుంటూ ఒక రాయి నిలబెడితే బాగుంటుంది.

చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే చప్పుడు మారిపోయేది. అమ్మ నా చేతిలో ఐదు పైసల బిళ్ల పెట్టి, "గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని వెయ్యరా" అనేది. బిళ్ల ఇనుముకి తగిలి ఖంగుమంటే, నీళ్లలో పడిందో లేదోనని రాజమండ్రి దాకా బెంగ. మొన్న కార్తీకంలో మా మనవరాలికి గట్టు మీంచి ఆ వంతెన చూపించాను. "మనం దాని మీదికి వెళ్లకూడదా తాతయ్యా?" అంది.

అమెరికాలో హడ్సన్ నది మీద 1889 నాటి పొకీప్సీ రైలు వంతెన 1974లో అగ్నిప్రమాదంతో మూతపడింది. 2009లో దాన్ని కాలిబాటగా తెరిచారు. జనం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రెండు కిలోమీటర్లు నడుస్తున్నారు. మనది అంతకన్నా పొడవు.

నిర్వహణకు డబ్బు కావాలి, అందుకు దుకాణాలు ఉండాలి అనేవారి మాట కొట్టిపారేయను. వాటిని రెండు ఒడ్ల మీదా పెట్టుకోవచ్చు. నది మీద మాత్రం బలమైన రెయిలింగు, నీడ, కూర్చోవడానికి బల్లలు చాలు. గోదావరి ఉండగా అక్కడ వేరే వినోదం దేనికి?

2022 నుంచి కొవ్వూరు కూడా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. రెండు ఒడ్లూ ఒకే కలెక్టరు కింద ఉన్నాయి కాబట్టి, రాజమండ్రి వైపు పనులతో పాటే కొవ్వూరు వైపు మెట్లు, దారి కూడా మొదలుపెట్టమని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కొవ్వూరు