ఇంజిన్‌కు శంషాబాద్‌లో రిపేర్.. మరి 9 జీలో పైలట్ పరిస్థితేంటి?

శంషాబాద్: రఫేల్ ఫైటర్ జెట్ల ఎం88 ఇంజిన్లకు ఇక మన శంషాబాద్‌లోనే రిపేర్లు జరగనున్నాయి. జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో సాఫ్రాన్ కట్టిన లీప్ ఇంజిన్ల కేంద్రాన్ని 2025 నవంబర్ 26న ప్రధాని మోదీ వర్చువల్‌గా ప్రారంభించారు. ఎం88 కేంద్రం కూడా ఇక్కడే వస్తోంది.

దానికి సరిగ్గా ఐదు రోజుల ముందు, నవంబర్ 21న దుబాయ్ ఎయిర్ షోలో విన్యాసాలు చేస్తూ తేజస్ కుప్పకూలింది. వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ ప్రాణాలు కోల్పోయారు. వాయుసేన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేసింది. ఈలోపే 'పైలట్ స్పృహ తప్పాడు' అంటూ సోషల్ మీడియా తీర్పులిచ్చేసింది. అది తొందరపాటే. కానీ ఆ ముప్పు మాత్రం నిజం.

అసలేం జరుగుతుందంటే.. ఫైటర్ జెట్ ఒక్కసారిగా మలుపు తిరిగితే పైలట్ మీద 9 జీ వరకు భారం పడుతుంది. అంటే 70 కిలోల మనిషి 630 కిలోలైనట్టే. 2 కిలోల హెల్మెట్ మెడ మీద 18 కిలోలవుతుంది. రక్తం తలలోంచి కాళ్ల వైపు దిగిపోతుంది. మెల్లగా జరిగితే ముందు రంగులు వెలిసిపోతాయి, చూపు సన్నబడుతుంది. పైలట్‌కు అదే వార్నింగ్. కానీ ఇప్పటి జెట్లు ఒకటి రెండు సెకన్లలోనే ఆ భారాన్ని మోపగలవు. అప్పుడు ఏ వార్నింగూ లేకుండానే స్పృహ పోవచ్చు. దాదాపు 12 సెకన్లు ఒంటి మీద తెలివి ఉండదు. లేచాక కూడా కాసేపు అయోమయమే. గంటకు 900 కిలోమీటర్ల వేగంలో ఆ 12 సెకన్లలో విమానం 3 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. శంషాబాద్ మెయిన్ రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు!

జీ సూట్ ఉంటుంది కదా అంటారా? అది కాపాడేది ఒకటి, ఒకటిన్నర జీ వరకే. మిగతాదంతా పైలట్ ఒంటి కష్టమే. కాళ్లు, పొట్ట బిగబట్టి, మూడేసి సెకన్లకోసారి ఊపిరి మార్చుకోవాలి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో కూర్చోబెట్టి దీన్ని నేర్పిస్తారు. అంత నేర్చుకున్నా, రాత్రి నిద్ర చాలకపోయినా, నీళ్లు సరిగా తాగకపోయినా తట్టుకునే శక్తి పడిపోతుంది.

అమెరికా 2014 నుంచే ఎఫ్-16లలో ఒక సాఫ్ట్‌వేర్ వాడుతోంది. పైలట్ స్పందించకుండా విమానం నేల వైపు దూసుకెళ్తుంటే అదే పైకి లేపేస్తుంది. స్పృహ తప్పిన పైలట్లు దాని వల్ల బతికారు కూడా. మన దగ్గర కొత్త జెట్ల చర్చ మాత్రం ఎక్కువగా ఇంజిన్ పవర్, మిసైల్ రేంజ్ దగ్గరే ఆగిపోతోంది.